విజయనగరం కంటోన్మెంటు "ఫ్రెంచి ఫాదర్లు" ఏ సభవారు? ఆ సభ మన దేశానికి ఎలా వచ్చింది?

గంటస్తంభం, విజయనగరం

సభ్యులందరికీ నమస్కారం. మా కళాశాలలో డిగ్రీ విద్యార్థుల చేత ఉత్తరాంధ్ర స్థానిక చరిత్ర మీద ప్రాజెక్టులు చేయిస్తున్నాము. ఒక విద్యార్థిని కంటోన్మెంటు ప్రాంతంలోని రోమన్ కతోలిక కుటుంబాల పూర్వోత్తరాలను ఎంచుకుని, అక్కడి పెద్దలను కలిసి వివరాలు రాసుకువస్తోంది. చిక్కేమిటంటే, మొదట్లో ఇక్కడ పనిచేసిన గురువులు (ఫాదర్లు) ఎవరన్న దగ్గరే ఒకరి మాటకూ మరొకరి మాటకూ పొంతన కుదరడం లేదు. ఫ్రెంచి ఫాదర్లని కొందరు, డాన్ బోస్కో వారని కొందరు, కెనడా దొరలని ఇంకొందరు అంటున్నారు. ఒక పెద్దాయన మాత్రం, ఆ ఫాదర్లను తెచ్చింది కంపెనీ సర్కారేననీ, వారి జీతం పటాలం ఖజానా నుంచే వచ్చేదనీ గట్టిగా చెబుతున్నారు.

ఇది చాలదన్నట్టు, ఒక ఇంట్లో వారి ముత్తాతగారి జ్ఞానస్నాన పత్రం నకలు దొరికింది. ఆయన పుట్టింది నాగపూరు పక్కనున్న కాంప్టీలో. పత్రం మీద మాత్రం విశాఖపట్నం వికారియేట్ (అప్పటి కతోలిక పాలనా ప్రాంతం) అని ఉంది. ఎక్కడి కాంప్టీ, ఎక్కడి విశాఖ? మధ్యలో సుమారు 800 కిలోమీటర్ల దూరం, అందులో సగానికి పైగా అడవి.

ఆ గురువుల సభ (మఠవాస సంఘం) ఏది, యూరప్‌లో ఎక్కడిది, మన తీరాన్నే ఎందుకు ఎంచుకుంది, ఇంతకాలం ఉండి కూడా మన పల్లెల్లో కతోలికులు ఇంత తక్కువగా ఎందుకు ఉన్నారు అన్న సంగతులు తెలిసినవారు చెబితే ఆ అమ్మాయికి ఎంతో మేలు చేసినవారవుతారు. మతవాదాల జోలికి పోకుండా చరిత్ర వరకే పరిమితం కావలసిందిగా మనవి.

ఎర్రమట్టిదిబ్బలు, భీమునిపట్నం

మాస్టారూ, మీ విద్యార్థిని విన్న మాటల్లో డాన్ బోస్కో మాట పూర్తిగా పొరపాటు. ఫ్రెంచి ఫాదర్లన్న మాటలోనూ, పటాలం జీతం మాటలోనూ తలా కొంత నిజం ఉంది. మీరు అడుగుతున్న గురువులు పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ డి సేల్స్ ప్రేషితుల (మిషనరీల) సభకు చెందినవారు. పేరు చివర ఎం.ఎస్.ఎఫ్.ఎస్. అని రాసుకుంటారు. విశాఖ సీతమ్మధారలోని ఎస్.ఎఫ్.ఎస్. బడికి ఉన్నది కూడా ఆ పునీతుని పేరే. డాన్ బోస్కో స్థాపించిన సలేషియన్ సభవారు కూడా ఇదే పునీతుణ్ణి తమ పాలకునిగా (సభకు అండగా నిలిచే పునీతునిగా) ఎంచుకోవడం వల్ల జనం రెండింటినీ కలిపేస్తుంటారు గాని, ఆ సభ 1859లో ఇటలీలోని టురిన్ నగరంలో పుట్టి, 1906లో తంజావూరు మీదుగా మన దేశంలో అడుగుపెట్టింది. అప్పటికి మనం చెప్పుకుంటున్న సభ విశాఖకు వచ్చి 60 ఏళ్లయింది.

వారిని ఫ్రెంచివారనడం కూడా సగమే నిజం. వారిది ఆల్ప్స్ కొండల అంచున ఉన్న సవోయ్ ప్రాంతం, ఆన్సీ పట్టణం. మాట్లాడేది ఫ్రెంచి భాషే అయినా, వారు బయలుదేరిన నాటికి సవోయ్ ఫ్రాన్స్‌లో భాగం కాదు. అది సార్డీనియా రాజ్యంలో ఉండేది. 1860లో ఫ్రాన్స్‌లో కలిసింది. అంటే మొదటి బృందం సార్డీనియా రాజు ప్రజలుగా ఇక్కడికి వచ్చి, మన తీరాన ఉండగానే ఫ్రెంచి పౌరులయ్యారన్నమాట. కంపెనీ దొరలకు ఫ్రెంచివారంటే ఎంత అనుమానమో తెలిసినవారికి ఈ తేడా చిన్నదిగా కనిపించదు.

ఈ సభను 1838లో పియేర్ మరీ మెర్మియే అనే గురువు స్థాపించారు. ఫ్రెంచి విప్లవ కాలంలో సవోయ్ పల్లెల్లో గుళ్లు మూతబడి, గురువులు చెల్లాచెదురై, ఒక తరం పిల్లలు జపాలు కూడా రాకుండా పెరిగారు. మెర్మియే కొందరు గురువులను కూడగట్టుకుని, ఊరూరా కొన్ని వారాల పాటు మకాం వేసి, ప్రసంగాలు చేస్తూ, పాపసంకీర్తనాలు (జనం తమ పాపాలు ఒప్పుకోవడం) వింటూ తిరిగేవారు. ఆ పనికే ఒక సభ కావాలనుకున్నారు. పాలకునిగా ఫ్రాన్సిస్ డి సేల్స్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. 1567లో పుట్టి 1622లో మరణించిన ఆ పునీతుడు ఆన్సీలో ఉండి జెనీవా మేత్రాసనాన్ని (బిషప్ ఏలుబడిలోని ప్రాంతాన్ని) పాలించినవాడు. యువకుడిగా ఉన్నప్పుడు, తన ప్రసంగం వినడానికి జనం రాకపోతే, చెప్పదలచుకున్నది కాగితాల మీద రాసి ఇళ్ల తలుపుల సందుల్లో నుంచి లోపలికి తోసేవాడు. సౌమ్యంగా చెప్పడం, ఓపికతో చెప్పడం అన్నది ఆయన పద్ధతి.

ఇలా సొంత జిల్లా పల్లెల కోసం పుట్టిన సభ సముద్రం దాటడానికి రెండు వైపుల అవసరాలు కలిసివచ్చాయి. 1843లో పోపు పదహారవ గ్రెగొరీ ఈ సభకు గుర్తింపునిచ్చారు. విదేశ ప్రేషిత కార్యం మీద ఆయనకున్న పట్టుదల అందరికీ తెలిసిందే. సభవారికీ దూరదేశాలకు పోవాలన్న కోరిక ఉంది. ఇటు చూస్తే, గోదావరికి ఉత్తరాన ఉన్న ప్రాంతమంతా కాగితం మీద మద్రాసు వికారియేట్ కింద ఉండేది. మద్రాసులో ఉన్నది ఐరిష్ పీఠాధిపతి (బిషప్) ఫెనెల్లీ. ఆయన దగ్గరున్న గురువులు మద్రాసు చుట్టుపట్లకే చాలనప్పుడు, చికాకోల్‌కూ (నేటి శ్రీకాకుళం) కాంప్టీకీ పంపడానికి ఎవరున్నారు? అందువల్ల రోము ఆ ఉత్తర భాగాన్ని విడదీసి ఆన్సీ సభకు అప్పగించింది. నిన్నమొన్న పుట్టిన సభకు అది తలకు మించిన భారమే.

జాక్ మార్టిన్ అనే గురువు నాయకత్వంలో నలుగురు గురువులు, ఇద్దరు బ్రదర్లు 1845లో బయలుదేరి, పుదుచ్చేరిలో దిగి, అక్కడి ప్యారిస్ మిషన్ గురువుల దగ్గర కొన్ని నెలలు గడిపి, 1846 ఫిబ్రవరి 18న విశాఖపట్నం చేరారు. మరుసటి ఏడాదే విశాఖ పాత పట్నంలో సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. 1850 నాటికి విశాఖ వికారియేట్‌గా స్థిరపడి, థియొఫిల్ నెయ్రే మొదటి పీఠాధిపతి అయ్యారు. ఈ వికారియేట్ హద్దులు చూస్తే మీ కాంప్టీ పత్రం చిక్కుముడి విడిపోతుంది. తీరాన గోదావరి జిల్లాల నుంచి గంజాం దాకా, లోపలికి నాగపూరు దాటి ఉన్న దేశమంతా దీనిదే. కాంప్టీ 1821 నుంచి పెద్ద కంటోన్మెంటు. అక్కడి తెల్ల పటాలాల్లో ఐరిష్ కతోలికులు ఎక్కువ. వారి బిడ్డలకూ, అక్కడి దేశీయ పటాలాల్లో పనిచేసిన మద్రాసు కతోలికుల బిడ్డలకూ జ్ఞానస్నానం ఇచ్చినవారు విశాఖ నుంచి ఎడ్లబండ్ల మీద వెళ్లిన సవోయ్ గురువులే. మద్రాసు దేశీయ పటాలాలు కొన్నేళ్లకొకసారి కంటోన్మెంట్లు మారుతుండేవి కాబట్టి, ఆ ముత్తాతగారి కుటుంబం పటాలంతో పాటే విజయనగరం వచ్చి ఉండాలి.

జీతం మాట చెప్పిన పెద్దాయన సంగతి. కంపెనీ సర్కారు ఈ గురువులను పిలవలేదు, పంపలేదు. కాని కతోలిక సిపాయిల బాగోగులు చూసే గురువుకు నెలకింతని భత్యం ఇచ్చేది. తక్కిన ఖర్చంతా యూరప్ చందాలతో నడిచింది. 1822లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో పుట్టిన ఒక చందాల సంఘం పదేసి మందిని ఒక గుంపుగా చేర్చి, మనిషికి వారానికి ఒక సూ, అంటే వారి అతి చిన్న నాణేలలో ఒకటి, వసూలు చేసి ప్రపంచంలోని మిషన్లన్నిటికీ పంచేది. ఆ పైకంలో విశాఖకూ వాటా వచ్చేది.

పల్లెల్లో కతోలికులు తక్కువ ఎందుకన్న దానికి నా అభిప్రాయం ఇది. ఈ గురువుల కాళ్లను మొదటి నలభై ఏళ్లు కంటోన్మెంట్లు కట్టిపడేశాయి. ఉన్నది గుప్పెడు మంది. సిపాయిల బాగోగులను వదిలితే భత్యం పోతుంది, పైగా అప్పటికే కతోలికులైన వారిని గాలికి వదిలినట్టవుతుంది. కంటోన్మెంటు నేల సర్కారుది కాబట్టి గుడికి జాగా దొరికేది. పల్లెలో నేల జమీందారుది, ఆయన సరేనంటే తప్ప పాక వేసుకోవడానికి కూడా వీలుండేది కాదు. మన్యంలోకి పోదామంటే జ్వరం. పటాలాలు వెళ్లిపోయాక కంటోన్మెంటు గుళ్ల చుట్టూ మిగిలింది కొద్దిపాటి కుటుంబాలు. "మన పల్లెలను మార్చడానికే వచ్చారు" అన్నవారిదీ, "చదువు చెప్పడానికే వచ్చారు" అన్నవారిదీ ఊహే. వచ్చిన తొలి దశాబ్దాల్లో వారి రోజులో ఎక్కువ భాగం పటాలపు కుటుంబాలకు పూజ, పెళ్లి, సమాధి, ఆసుపత్రి చూపు వీటితోనే గడిచిపోయింది.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

కెనడా దొరల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. వారు బాప్టిస్టులు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ), కతోలికులతో వారికి ఏ సంబంధమూ లేదు. శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం, టెక్కలి వైపు మిషన్ బంగళాలు, ఆసుపత్రులు వారివే. వారికంటే ముందు లండన్ మిషన్ వారు 1805లోనే విశాఖలో దిగారు. సాలూరులోని కుష్ఠు ఆసుపత్రి జర్మనీ నుంచి వచ్చిన లూథరన్ల పుణ్యం. తెల్లతోలు కనిపిస్తే చాలు, మనవాళ్లు అందరినీ ఒకే గాటన కట్టేశారు. ఇళ్లలో అడిగేటప్పుడు "మీ గుడిలో మరియమాత స్వరూపం ఉందా, ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషన్) అంటారా" అని ఒక్క ప్రశ్న ముందుగా వేయమనండి, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ఇంకొక సంగతి. శ్రీకాకుళం ప్రాంతపు పాత వివరాలు కావాలంటే విశాఖ జిల్లా కాగితాల్లో వెతికి లాభం లేదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా చికాకోల్, టెక్కలి గంజాం జిల్లాలో ఉండేవి. ఆ తరువాత కొన్నాళ్లు విశాఖ జిల్లాలో ఉండి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. విజయనగరం జిల్లా వచ్చింది 1979లోనే కదా.

బారువ రేవు, సోంపేట

ఎర్రమట్టిదిబ్బలు గారు ఎంతో శ్రద్ధగా రాశారు. హద్దులు, చందాల సంగతి నాకు కూడా ఉపయోగపడ్డాయి. అయితే "నలభై ఏళ్లు కంటోన్మెంట్లు కట్టిపడేశాయి" అన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. విజయనగరం నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది. మా సోంపేట వైపు నుంచి, గంజాం నుంచి చూస్తే కథ వేరు.

గంజాంలో సొరడా అని ఒక ఊరుంది. మనవాళ్లకు ఋషికుల్య జలాశయం ఉన్న ఊరుగా తెలుసు. కొండకూ మైదానానికీ నడుమ ఉన్న ఆ ఊళ్లో ఈ సవోయ్ గురువులు ఆ శతాబ్దంలోనే మిషన్ పెట్టారు. అక్కడ పటాలపు గుడి అవసరం కాదు వారిని నిలిపింది. 1865లో వానలు మొహం చాటేశాయి; 1866లో ఒడిశా, గంజాం ప్రాంతాలను కరువు ఊడ్చేసింది. ఒక్క ఒడిశాలోనే సుమారు పది లక్షల మంది, అంటే ముగ్గురిలో ఒకరు, చనిపోయారని లెక్క. తల్లిదండ్రులు పోయిన పిల్లలను మిషన్ చేరదీసింది. ఆ పిల్లలు పెద్దవారై, పెళ్లిళ్లు చేసుకుని, సాగు చేసుకుంటూ బతికిన చోటనే అక్కడి కతోలిక పల్లెలు వేళ్లూనుకున్నాయి. అనాథలను చేరదీసి మతం ఇచ్చారన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ విమర్శను మీ విద్యార్థిని దాటవేయకూడదు. అదే సమయంలో, ఆ ఏడాది సర్కారు ధాన్యం సకాలంలో తెప్పించలేకపోయిందన్నది కూడా ఆనాడే దర్యాప్తుల్లో తేలిన సంగతి. రెండూ పక్కపక్కనే రాయాలి.

మరొక లోటు కూడా చెప్పాలి. ఈ చరిత్ర ఎవరు చెప్పినా గురువుల పేర్లే వినిపిస్తాయి. సిస్టర్లు ఎక్కడ? ఆన్సీ సెయింట్ జోసెఫ్ సభ కన్యాస్త్రీలు 1849లోనే యానాం వచ్చారు. యానాం అప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు. అక్కడి నుంచి విశాఖకు వచ్చి ఆడపిల్లల చదువు, అనాథ బాలికల పెంపకం తలకెత్తుకున్నారు. రైలు లేదు, మాటా భాషా తెలియదు, ఎండ పడదు. జ్ఞానాపురంలోని సెయింట్ జోసెఫ్ మహిళా కళాశాల 1958లో వారి చేతుల మీదుగా వచ్చిందే. మెర్మియే గారే ఒక పల్లెటూరి స్త్రీ క్లోదీన్ ఎషెర్నియేతో కలిసి షావనో అనే ఊళ్లో హోలీక్రాస్ సిస్టర్ల సభను కూడా నెలకొల్పారు. వారు 1886లో అమరావతికి వచ్చారు. మన కృష్ణ ఒడ్డు అమరావతి కాదు సుమండీ, విదర్భలోనిది. పూజ చెప్పేది గురువే కావచ్చు గాని, ఇళ్లలోకి, వంటగదుల్లోకి, పురిటి మంచం దాకా వెళ్లగలిగినది సిస్టర్లే. పల్లెల్లో ఈ మిషన్ ఎంత దూరం వెళ్లిందన్నది తేల్చాలంటే గురువుల మకాములను లెక్కపెట్టి లాభం లేదు.

ఎర్రమట్టిదిబ్బలు, భీమునిపట్నం

బారువ రేవు గారూ, గంజాం విషయంలో మీ సవరణ సబబుగానే ఉంది. అయితే సొరడా కథ కరువుతో ఊపందుకున్నది. కరువుకు ముందరి ఇరవై ఏళ్ల గురించి, అందులోనూ విజయనగరం, చికాకోల్ గురించి నేనన్న మాట మీద నేనింకా నిలబడతాను. సిస్టర్ల సంగతిలో మాత్రం మీతో వాదమే లేదు.

గంటస్తంభం, విజయనగరం

అందరికీ ధన్యవాదాలు. కాంప్టీ చిక్కు ఇంత తేలికగా విడిపోతుందనుకోలేదు. మరో రెండు సందేహాలు. సవోయ్ నుంచి గురువులు రావడం ఎప్పుడు, ఎందుకు తగ్గింది? తెలుగువారు పీఠాధిపతులు కావడానికి ఎందుకంత ఆలస్యమైంది? ఇప్పుడు మా జిల్లా శ్రీకాకుళం మేత్రాసనం కింద ఉన్నదని, అక్కడి పీఠాధిపతి ఈ సభవారు కారని విన్నాను. అంటే ఈ సభ మా ప్రాంతాన్ని వదిలేసిందనుకోవాలా?

ఎర్రమట్టిదిబ్బలు, భీమునిపట్నం

వదిలేయడం కాదు మాస్టారూ, అప్పగించడం. ఈ సభ చరిత్రలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచే భాగం కూడా అదే. 1846లో చేతికొచ్చిన ఆ మహాప్రాంతం అప్పటి నుంచి ముక్కలవుతూనే వచ్చింది. 1886లో పోపు పదమూడవ లియో భారతదేశంలో మేత్రాసనాల వ్యవస్థను నెలకొల్పినప్పుడు విశాఖ పూర్తిస్థాయి మేత్రాసనమైంది. దానికి మొదటి బిషప్ జాన్ మరీ టిస్సో. 1845లో బయలుదేరిన తొలి బృందంలోని మనిషే. నెయ్రే 1862లో చనిపోయాక పాతికేళ్లకు పైగా ఆయనే బరువు మోసి, 1890లో కన్నుమూశారు. 1887లో నాగపూరు వేరుపడింది. అక్కడ మొదటి బిషప్ అలెక్సిస్ రికాజ్ కూడా ఈ సభవారే. 1854లో భోంస్లేల రాజ్యం ఇంగ్లీషువారి కిందికి పోవడం, 1861లో మధ్య పరగణాలు ఒక రాష్ట్రంగా ఏర్పడడం, ఆ వెంట రైళ్లు రావడంతో నాగపూరు తన కాళ్ల మీద తాను నిలబడగలిగింది; ఇక విశాఖ నుంచి పాలించడం అర్థంలేని పని. 1928లో గంజాం వైపు భాగం కటక్ మిషన్‌గా విడిపోయి స్పెయిన్ దేశపు వించెన్షియన్ గురువుల చేతికి వెళ్లింది. అది 1937లో మేత్రాసనమైంది. బారువ రేవు గారి సొరడా కూడా అప్పుడే చేయిజారింది. 1993 జులై 1న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను కలిపి శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పాటు చేసి, అద్దగట్ల ఇన్నయ్య గారిని మొదటి బిషప్‌గా నియమించారు. విశాఖ 2001లో అగ్రపీఠమైంది, అంటే ఆర్చిబిషప్ ఉండే పీఠమైంది.

కతోలిక శ్రీసభలో పద్ధతే అది. మఠవాస సభ ఒక ప్రాంతాన్ని తెరుస్తుంది, విచారణలు (ఒక్కో గురువు కింద ఉండే స్థానిక చర్చి విభాగాలు) నిలదొక్కుకున్నాక స్థానిక గురువులకు అప్పగించి తాను పక్కకు తప్పుకుంటుంది. ఇక్కడ ఆ అప్పగింతకు 147 ఏళ్లు పట్టింది. అది ఎక్కువా తక్కువా అన్నది చూసేవారి చూపును బట్టి ఉంటుంది. నా మటుకు నాకు ఎక్కువే.

సవోయ్ నుంచి రాకపోకలు తగ్గడానికి మూలం ఫ్రాన్స్ రాజకీయాల్లో ఉంది. 1901లో అక్కడి ప్రభుత్వం సంఘాల చట్టం తెచ్చి, మఠవాస సభలకు అనుమతి తప్పనిసరి చేసింది. అడిగిన అనుమతులను తరువాతి రెండేళ్లలో చాలావరకు తిరస్కరించింది. 1904లో సభలవారు బడుల్లో పాఠాలు చెప్పడాన్నే నిషేధించింది. వేలాది మంది దేశం విడిచిపెట్టారు. 1860లో ఫ్రాన్స్‌లో కలవకుండా ఉంటే ఆన్సీకి ఆ బాధ ఉండేది కాదేమో. ఆ తరువాత పదేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి, ఫ్రాన్స్ పల్లెల్లో కుర్రకారును ఊచకోత కోసింది. ఇక గురువులు కావడానికి ఎవరు మిగులుతారు?

తెలుగువారి ఆలస్యం సంగతి. విశాఖ పీఠం మీద నెయ్రే, టిస్సో, క్లేర్, రొసియోన్, బో, ఈ ఐదుగురూ ఆ వైపు నుంచి వచ్చినవారే. 1966లో గోపు ఇగ్నేషియస్ బిషప్ అయ్యారు. అంటే తొలి బృందం దిగిన 120 ఏళ్లకు ఆ పీఠం తెలుగువారిదైంది. ఆయన తరువాత 1982లో వచ్చిన కాగితపు మరియదాసు గారు, అప్పటికే గుంటూరు బిషప్‌గా పనిచేసినవారు, 2012 దాకా ఉన్నారు. వీరిద్దరూ ఈ సభవారే. అలా వరుసగా ఏడుగురు ఒకే సభ నుంచి వచ్చారు. నాగపూరులో భారతీయుడు బిషప్ కావడం ముందే జరిగింది; 1951లోనే ఈ సభకు చెందిన యూజీన్ డిసౌజా అక్కడ బిషప్ అయి, తరువాత 1963లో భోపాల్‌కు తొలి ఆర్చిబిషప్‌గా వెళ్లారు. విశాఖలో ఆలస్యానికి నేను చూసే కారణం మునుపు చెప్పినదే: కతోలికులే తక్కువైన చోట, గురుత్వానికి పిల్లవాణ్ణి పంపగలిగిన కుటుంబాలు ఇంకా తక్కువ. గుంటూరు, నెల్లూరు, కృష్ణా జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు కతోలికులైనట్టు మన వైపు జరగలేదు. లాటిన్‌లో ఏళ్ల తరబడి సాగే చదువుకు మన బీద పల్లెల పిల్లలను సిద్ధం చేసే బడులు కూడా చాలాకాలం లేవు. ఆ తప్పులో సభకు వాటా లేదనలేము.

ఇక సభ మాటకొస్తే, ఇప్పుడు అందులో ఎక్కువమంది భారతీయులే. కేరళ, కర్ణాటక, ఆంధ్ర, ఈశాన్య రాష్ట్రాల నుంచి గురువులు వస్తున్నారు. ఇక్కడి నుంచే ఆఫ్రికాకు, యూరప్‌లోని విచారణలకు కూడా వెళుతున్నారు.

చంపావతి, గజపతినగరం

చరిత్ర అంతా పెద్దలు చెప్పారు. నేను రిజిస్టర్ల గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే మా కుటుంబం కోసం ఆ పని చేసి ఉన్నాను.

పాత జ్ఞానస్నాన రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటాయి, కాని భయపడవలసింది లేదు. ప్రతి నమోదూ ఒకే అచ్చులో ఉంటుంది. జ్ఞానస్నానం ఇచ్చిన తేదీ, బిడ్డ పుట్టిన తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, చివర గురువు సంతకం. పది పన్నెండు మాటలు నేర్చుకుంటే పేజీ మొత్తం చదవవచ్చు. ఇబ్బంది పెట్టేది తెలుగు పేర్లే. సవోయ్ గురువు తన చెవికి వినిపించినట్టు ఫ్రెంచి గుణింతంతో రాసుకున్నాడు కాబట్టి ఒకే ఇంటిపేరు రెండు పేజీల్లో రెండు రకాలుగా కనిపిస్తుంది. అందువల్ల ఇంటిపేరును పట్టుకుని వెతకకుండా జ్ఞాన తల్లిదండ్రుల పేర్లను పట్టుకోమని అమ్మాయికి చెప్పండి. పటాలపు కుటుంబాలు ఒకరి బిడ్డలకు ఒకరు జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడేవారు. ఒక జంట పేరు ఒక చోట దొరికితే ఆ చుట్టూ ఉన్న నాలుగైదు కుటుంబాలు వాటంతట అవే బయటపడతాయి. మా ఇంటివారిని నేను పట్టుకున్నది అలాగే.

రిజిస్టరు విచారణ గురువుగారి అధీనంలో ఉంటుంది. ముందుగా ఒక ఉత్తరం రాసి, కళాశాల ముద్ర వేయించి, ఏ సంవత్సరాలు కావాలో స్పష్టంగా చెబితే చాలావరకు కాదనరు. ఫోటోలు తీయనివ్వకపోవచ్చు, పెన్సిలుతో రాసుకోనిస్తారు. ఆదివారం పూజ వేళ వెళ్లకుండా పనిదినాన వెళ్లమనండి. తొలినాటి గురువులు రాసిన ఉత్తరాలు కొన్ని లియోన్ చందాల సంఘం వారి పత్రికలో అచ్చయ్యాయి. ఆ సంపుటాలు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం అంతర్జాల నిధిలో ఉచితంగా దొరుకుతాయి. ఫ్రెంచి రాకపోయినా ఊళ్ల పేర్లను బట్టి పేజీలు పట్టుకోవచ్చు. విశాఖను, చికాకోల్‌ను వెతికేటప్పుడు గుణింతం నాలుగైదు రకాలుగా మార్చి చూడాలి.

కాంప్టీ ముత్తాతగారి అసలు నమోదు మాత్రం విశాఖలో వెతకవద్దు. మేత్రాసనాలు విడిపోయినా రిజిస్టరు ఏ విచారణదో ఆ విచారణ దగ్గరే ఉంటుంది. కాబట్టి కాంప్టీ విచారణకు గాని, నాగపూరు ఆర్చిబిషప్ కార్యాలయానికి గాని రాయాలి. పత్రం నకలు మీద ఉన్న తేదీని, గురువు పేరును ఉత్తరంలో తప్పక పేర్కొనండి.